ఇరుకు గదికి ఒక భాష: బెంగళూరులో ముగ్గురు కలిసి దిగేవారికి సూచనలు

మారతహళ్లిలోనో, బీటీఎం లేఔట్‌లోనో, కగ్గదాసపుర సందుల్లోనో, ఎలక్ట్రానిక్ సిటీ వెనకో ఒక సింగిల్ బెడ్‌రూం ఇల్లు చూసుకుని ముగ్గురు కలిసి దిగబోతున్న తెలుగువాళ్ల కోసం ఇది. పీజీ తిండి పడక, సొంతంగా ఇంత పప్పన్నం వండుకుందామని బయటికి వచ్చేవాళ్లకు ఇల్లు వెతకడం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. దిగాక ఆ ఇరుకులో రోజు ఎలా గడపాలో చెప్పేవాళ్లు తక్కువ.

చిన్న గదిలో ఒకరికొకరు చెప్పుకోవాల్సింది రోజూ ఏదో ఒకటి ఉంటుంది. "నువ్వు గిన్నె కడగలేదు" అన్నామంటే ఎదుటివాడు సమాధానం వెతుక్కుంటాడు, గిన్నె అలాగే ఉంటుంది. అదే గిన్నెల గుట్టకు గదిలో అందరూ ఒప్పుకున్న పేరొకటి ఉంటే, "సింకాసురుడు లేచాడు" అని ఎవరైనా అనొచ్చు. వేలు ఎవరి మీదికీ పోదు, పని మాత్రం గుర్తొస్తుంది. అందుకని కింద ప్రతి చిక్కుకూ ఒక పేరు కట్టాం. నచ్చకపోతే మీ ఊరి మాటతో మార్చుకోండి. దిగిన మొదటి వారంలోనే పేర్లన్నీ కుదుర్చుకోవాలి. మనసులు ఒకసారి కష్టపడ్డాక పెట్టిన పేరు వెక్కిరింతలా వినిపిస్తుంది.

పరుపుసంధి

ఇల్లు చూడ్డానికి వెళ్లేటప్పుడు జేబులో కొలత టేపు ఉండాలి. ఇక్కడ 30 అడుగులకు 40 అడుగుల సైటు మీద అంతస్తుకు రెండు మూడు పోర్షన్లు లేపుతారు. అందులో పడకగది 10కి 10 అడుగులు దొరికితే మంచి గదే అనుకోవాలి. సింగిల్ పరుపు 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు. మూడూ పక్కపక్కన వేస్తే 9 అడుగులు పోతాయి. ఒక పక్క అడుగు జాగా, కాళ్ల వైపు 4 అడుగుల పట్టీ మిగులుతుంది. బీరువా, నడక, తలుపు తిరిగే చోటు అన్నీ ఆ 4 అడుగుల పట్టీలోనే సర్దుకోవాలి. గది తలుపు రెండున్నర అడుగులు లోపలికి తిరుగుతుంది. బీరువా లోతు అడుగున్నర పైనే ఉంటుంది, దాని రెక్క తెరవడానికి ఇంకో అడుగున్నర కావాలి. కాబట్టి తలుపూ బీరువా రెక్కా ఒకదానికొకటి తగిలే మూల వదిలేసి, రెండో మూలకు బీరువా జరపండి. ఈ లెక్క కాగితం మీద గీసుకుని, ఆ తర్వాతే అడ్వాన్సు మాట ఎత్తండి. నలుగురికి ఇదే గది చాలదు. నాలుగోవాడు హాల్లో పడుకోవాల్సిందే, అది ఎవరన్నది దిగకముందే తేల్చుకోవాలి.

మూడు పరుపుల మధ్య పడే రెండు సందులే పరుపుసంధి. మధ్యలో పడుకున్నవాడి మోచెయ్యి, ఫోను, కళ్లజోడు తెల్లారేసరికి అందులో ఉంటాయి. నున్నటి టైల్స్ మీద పరుపు జారుతుంది, ఒకరిది 4 అంగుళాల ఫోము, ఇంకొకరిది 6 అంగుళాలది అయితే ఎత్తు తేడాకు ఇంకా జారుతుంది. ముగ్గురూ ఒకే మందం పరుపు కొనండి, 4 అంగుళాలు చాలు. కింద మూడింటికీ కలిపి తుంగచాపలు పరిచి, పైన డబుల్ బెడ్‌షీటు అడ్డంగా వేసి అంచులు కిందికి దోపితే సంధి కలుస్తుంది. ప్లాస్టిక్ చాప మాత్రం వద్దు. నిద్రలో ఒంటి నుంచి వచ్చే చెమ్మ ఫోములోంచి దిగి చల్లటి నేల దగ్గర ఆగిపోతుంది, ప్లాస్టిక్ దాన్ని ఇంకనివ్వదు. నెల తిరక్కుండానే పరుపు అడుగున నల్ల మచ్చలు పడతాయి. పొద్దున లేవగానే పరుపు గోడకు నిలబెట్టడం ఒక్కటే దీనికి మందు. అలా చేస్తే పగలు గదిలో నడవడానికి చోటూ దొరుకుతుంది.

పాత పరుపు చవగ్గా వస్తోందంటే ఆగండి. కుట్ల వెంబడి టార్చి వేసి చూడండి. సిరా చుక్కల్లాంటి నల్లటి మరకలు, లేత గోధుమ రంగు పొట్టు కనిపిస్తే నల్లులున్నట్టే. నల్లి తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది, కాబట్టి గది ఖాళీగా ఉంచితే పోదు. మేడ మీద ఎండలో వేస్తే పైనున్నవి పోతాయేమో గానీ ఫోము లోపలికి ఆ వేడి దిగదు. బట్టలూ దుప్పట్లయితే 60 డిగ్రీల వేడినీళ్లలో నానబెట్టి ఉతికితే చస్తాయి. పరుపుకు పట్టినవైతే మనిషిని పిలిపించి మందు కొట్టించాలి, రెండు మూడు వారాల తర్వాత రెండో విడత తప్పనిసరి. గుడ్లలోంచి వచ్చే పిల్లల కోసమే ఆ రెండో విడత. పాత సామాన్లలో పరుపు, సోఫా తప్ప ఇంకేదైనా కొనుక్కోవచ్చు.

కుర్చీకొండ, ఎండపట్టా

ఒకసారి వేసుకున్నవి, ఉతకడానికి ఇంకా తొందర లేనివి, మడత బట్టల్లో కలపడానికి మనసొప్పనివి అన్నీ ఎక్కే చోటు గదిలోని ఒకే ఒక కుర్చీ. అదే కుర్చీకొండ. ఈ సగం మాసిన బట్టలకు చోటు లేకపోవడం వల్లే కొండ పుడుతుంది, ఎంత కోప్పడినా కరగదు. మనిషికి నాలుగు కొక్కేలు చొప్పున పన్నెండు కొక్కేలు కావాలి. చాలామంది ఓనర్లు గోడకు డ్రిల్లు పెట్టనివ్వరు. అంటించే కొక్కేలు సున్నం గోడకు నిలవవు, బరువు పడగానే రంగు పెచ్చుతో సహా ఊడొస్తాయి, ఆ పెచ్చుకు డబ్బు ఖాళీ చేసేటప్పుడు పట్టుకుంటారు. వాటిని టైల్సు మీదో, చెక్క తలుపు మీదో అంటించండి. తలుపు పై అంచుకు తగిలించే ఇనుప కొక్కేల పట్టీ అన్నిటికంటే మేలు. కొండ కుర్చీ వీపు ఎత్తు దాటిందంటే ఆ రాత్రి ఎవరివి వాళ్లు తీసుకోవాలన్నది నియమంగా పెట్టుకోండి.

ఆరేయడం ఇంకా పెద్ద సంగతి. రాయలసీమ నుంచి, కోస్తా నుంచి వచ్చినవాళ్లకు బట్టలు గంటలో ఆరడం అలవాటు. ఇక్కడ జూన్ నుంచి అక్టోబరు దాకా సాయంత్రం వాన, పగలు మబ్బు. మూడు రోజులైనా జీన్సు నడుం పట్టీ తడిగానే ఉంటుంది. మిషను పిండేసిన తర్వాత కూడా ఒక దఫా బట్టల్లో రెండు మూడు లీటర్ల నీళ్లుంటాయి. వాటిని పడకగదిలో దండెం కట్టి ఆరేస్తే ఆ నీళ్లన్నీ గాలిలో కలిసి చల్లటి గోడకు పడతాయి. ఎండ తగలని గోడ, బీరువా వెనక భాగం ముందు నల్లబడతాయి. బీరువాను గోడకు ఆనించకుండా 3 అంగుళాలు ఎడం పెట్టండి. బట్టలు లోపలే ఆరేయక తప్పని రోజున హాల్లో ఆరేసి, బట్టకూ బట్టకూ నాలుగు వేళ్ల సందు వదిలి, కిటికీ ఒక రెక్క తెరిచి, వంటగదిలో ఎగ్జాస్టు ఫ్యాను వేయండి. సీలింగు ఫ్యాను ఒక్కటే తిప్పితే చెమ్మ గదిలోనే తిరుగుతుంది. జీన్సును తిరగేసి, జేబులు బయటికి లాగి, నడుం పైకి పెట్టి క్లిప్పులు తగిలిస్తే ఒక పూట ముందు ఆరుతుంది.

గోడకు నల్ల బూజు పట్టిందంటే నీళ్లలో కలిపిన బ్లీచింగ్ పౌడరుతో తుడిచి, ఆరనిచ్చి, కిటికీ తెరిచి ఉంచాలి. బాత్రూం కడిగే యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎన్నడూ కలపొద్దు, ఒకదాని వెంట ఒకటి పోయనూ వద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ సరిగ్గా లేని చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

మేడ మీద దండేలు నాలుగు పోర్షన్ల వాళ్లకూ ఉమ్మడి. ఏ రోజు, ఏ దండెం మీద మీ బట్టలు ఆరేసుకోవచ్చన్న హక్కు పేరు ఎండపట్టా. దిగిన రోజే ఓనరమ్మను అడిగి పట్టా రాయించుకోండి, అంటే నోటిమాటగా ఖాయం చేసుకోండి. అందరూ ఆదివారం పొద్దున్నే ఎగబడతారు. వారం మధ్యలో ఒక రోజు తీసుకుంటే ఎవరితోనూ పేచీ ఉండదు. లోదుస్తులు ఓనరు వాళ్ల దండెం మీద వేయకండి. ఈ ఒక్క విషయంలో ఆంటీలకు వచ్చినంత కోపం ఇంకే విషయంలోనూ రాదు.

సింకాసురుడు

గిన్నెల గుట్టను ఓడించే ఉపాయం ఒకటే: గిన్నెలు లేకుండా చేయడం. ముగ్గురికి మూడు కంచాలు, మూడు గ్లాసులు, 5 లీటర్ల కుక్కరు ఒకటి, మూకుడు ఒకటి, పాలగిన్నె ఒకటి, గరిటెలు రెండు. ఇళ్ల నుంచి అమ్మలు పంపిన తక్కిన సామానంతా అట్టపెట్టెలో కట్టి అటక మీద పెట్టేయండి. కంచం కడిగితే తప్ప తినడానికి కంచం లేదన్నప్పుడు సింకు నిండదు. వంతులు వేసుకోవడం, గోడకు చార్టు అంటించడం కంటే ఇది బాగా పనిచేస్తుంది. షిఫ్టులు మారేవాళ్ల గదిలో చార్టు మూడో వారానికే తప్పుతుంది.

"నానబెట్టాను రా" అని చెప్పి వదిలేసిన గిన్నె పేరు నానుడి గిన్నె. అన్నం మాడిన కుక్కరుకైనా వేడినీళ్లు, చిటికెడు ఉప్పు వేసి 20 నిమిషాలు నానితే చాలు. రాత్రంతా నానితే పులుస్తుంది, బొద్దింకలకు విందు. పడుకోబోయే ముందు సింకులో గిన్నె ఉండకూడదన్న నియమం ఒక్కటి పాటిస్తే వంటగది సగం బాగుపడినట్టే. మూకుడులో మిగిలిన నూనె సింకులో పోయకుండా పాత న్యూస్‌పేపరుతో తుడిచి కడగండి. ఈ ఇళ్లలో సింకు గొట్టం సన్నం. నూనె, అన్నం మెతుకులు కలిసి వంపు దగ్గర గడ్డకడతాయి. సింకు బిలం మీద స్టీలు జాలీ ఉంటే మెతుకులు దిగవు.

వంటగదిలో కనిపించే చిన్న గోధుమ రంగు బొద్దింకలు ఒక జాతి, బాత్రూం కాలవలోంచి వచ్చే పెద్ద ఎర్రవి ఇంకో జాతి. మందులూ వేరే. చిన్నవాటికి జెల్ మందు పెట్టాలి: గ్యాసు బల్ల కింద, ఫ్రిజ్ మోటారు వెనక, తలుపు బందుల దగ్గర కందిగింజలో సగం చుక్కలు, అడుగుకొకటి. తిన్నవి గూటికి పోయి చస్తాయి, వాటిని తిన్నవీ చస్తాయి. జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టారంటే అంతా వృథా, వాసనకు అవి ఆ దరికే రావు. ఆడది గుడ్ల సంచిని పొదిగేదాకా ఒంటికే మోస్తుంది, ఒక్కో సంచిలో ముప్పై పైన పిల్లలు. కాబట్టి వారం తర్వాత, నెల తర్వాత మళ్లీ చుక్కలు పెట్టాలి. పెద్దవాటికి కాలవ జాలీ మూయడం, వాడని బాత్రూం కాలవలో వారానికి రెండు చెంబులు నీళ్లు పోయడం సరిపోతుంది. గొట్టం వంపులో నిలిచే నీళ్లే పురుగుకూ దుర్వాసనకూ అడ్డు. మీరు సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి ఆ నీళ్లు ఆరి గది కంపు కొడుతుంది.

బియ్యం 25 కిలోల బస్తా కొనకండి. చవకే గానీ చెమ్మకు ముక్కపురుగు పడుతుంది, పెట్టడానికి చోటూ ఉండదు. 5 కిలోల సంచులు, మూత బిగుసుకునే డబ్బా చాలు.

గ్యాసుకు చిరునామా రుజువు లేదని ఆగిపోవద్దు. 5 కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, ఇంటి చిరునామా పత్రం అడగరు. వీధి చివర ఎవరో పెద్ద సిలిండరులోంచి చిన్నదానిలోకి నింపి ఇస్తుంటే అటు పోకండి, ఆ వాల్వులు కారుతాయి.

రెండు కత్తులు

గీజరు, ఇండక్షన్ స్టవ్వు. ఈ ఇళ్ల వైరింగు ఒరలో ఈ రెండు కత్తులు ఇమడవు. కరెంటు పోయిందని అందరూ బాల్కనీలోకి వచ్చి చూస్తే పక్కింట్లో లైట్లు వెలుగుతూ ఉంటాయి. అంటే ఎంసీబీ, కరెంటు ఎక్కువ లాగితే తనంతట తానే ఆగే స్విచ్చు, పడిపోయింది. లెక్క ఇది: 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజరు 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతుంది, 2000 వాట్ల ఇండక్షను ఇంకో 8.7. కలిపి దాదాపు 22. మీ పోర్షనుకు ఉన్నది 16 ఆంపియర్ల ఎంసీబీ అయితే అది వెంటనే పడదు, వేడెక్కి వేడెక్కి కాసేపటికి పడుతుంది. "నిన్న రెండూ నడిచాయి కదా" అన్న వాదన పుట్టేది ఇక్కడే. నిన్న ఎవరో తొందరగా స్నానం ముగించారు, అంతే. పెద్ద ఎంసీబీ వేయించమని ఎలక్ట్రీషియన్‌ను అడగకండి. లోపలి తీగ సన్నంగానే ఉండి, ఎంసీబీ పెద్దదైతే పడిపోవాల్సింది పడకుండా తీగ కాలుతుంది. "కత్తి దూశాను" అని అరిచి గీజరు వేయడం, అది ఆపేదాకా స్టవ్వు ముట్టకపోవడం మంచి పద్ధతి.

ఇండక్షను ప్లగ్గు చిన్న 6 ఆంపియర్ల సాకెట్‌లో, ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టొద్దు. 16 ఆంపియర్ల పెద్ద పిన్ను సాకెట్టు వంటగదిలో ఎక్కడుందో ఇల్లు చూసేటప్పుడే చూసుకోండి. ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, కాలిన వాసన వచ్చినా ఆ సాకెట్టు మార్పించాల్సిందే. చార్జర్లు అల్లుకుపోయి ఏర్పడే తీగజడ చూడ్డానికి భయంగా ఉన్నా దాని బరువు తక్కువే: మూడు ల్యాప్‌టాపులు, మూడు ఫోన్లు కలిపినా 300 వాట్లకు లోపే. దాంట్లోనే ఎవరైనా 1000 వాట్ల ఇస్త్రీపెట్టె గుచ్చితేనే ప్రమాదం. ఆ బోర్డును నేల మీద వదలకుండా గోడకు అడుగున్నర ఎత్తున కట్టండి, నేల తుడిచిన నీళ్లు దానిలోకి పోవు.

గీజరు లేకపోతే 1500 వాట్ల హీటరు రాడ్డు 15 లీటర్ల బకెట్‌ను పద్దెనిమిది నిమిషాల్లో స్నానానికి సిద్ధం చేస్తుంది. ఇనుప బకెట్‌లో పెట్టొద్దు, ప్లగ్గు పీకేదాకా నీళ్లలో వేలు పెట్టొద్దు. ఇక గ్యాసు గీజరు బాత్రూం లోపలే బిగించి ఉన్న ఇల్లు ఎంత చవకైనా తీసుకోకండి. తలుపు వేసుకుని స్నానం చేస్తుంటే గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, తెలిసేలోపు స్పృహ పోతుంది. అది బయట గోడకు ఉండాలి, నీళ్లు మాత్రం లోపలికి రావాలి.

మునసబు, తలారి, కరణం

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఊళ్లలో మునసబు, కరణాల పదవులు తీసేసింది. ముగ్గురుండే గదిలో మాత్రం ఆ పదవులు నిలబెట్టుకోవాలి, నెలకొకరు మారుతూ.

నీళ్ల మునసబు పని ట్యాంకు మీద కన్నేసి ఉంచడం. ఇక్కడ ఇంటికి నీళ్లు రెండు మూడు దారుల్లో వస్తాయి: కావేరి, బోరు, ట్యాంకరు. కావేరి నీళ్లు చాలాచోట్ల రోజు విడిచి రోజు వచ్చి కింద సంపులో పడతాయి, మోటారు వేస్తే పైన సింటెక్సు ట్యాంకు నిండుతుంది. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం కావేరి నీటి పథకం అయిదో దశ 2024 అక్టోబరులో మొదలైంది. మహదేవపుర వైపు ఇల్లు చూస్తుంటే, వీధిలోకి గొట్టం వచ్చిందా అన్నది ఒక ప్రశ్న, ఈ ఇంటికి కనెక్షను ఉందా అన్నది వేరే ప్రశ్న. రెండూ అడగండి. పక్కవాళ్లను కన్నడంలో అడిగితే ఇంకా నిజం తెలుస్తుంది: "కావేరి నీరు బరుత్తా?" మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది మన దేశంలో నగరాలకు పెట్టుకున్న లెక్క. ముగ్గురికి 400. వెయ్యి లీటర్ల ట్యాంకు మీ ఒక్కరిదైతే రెండు రోజులు వస్తుంది, నాలుగు పోర్షన్లకూ అదే అయితే రోజు గడవదు. మోటారు వేసినవాళ్లు అక్కడే ఉండాలి. సంపు ఖాళీ అయినా మోటారు తిరుగుతూ ఉంటే కాలిపోతుంది, రిపేరు ఖర్చు వేసినవాళ్ల మీద పడుతుంది.

బోరు నీళ్లు చవుడు. బకెట్లకు, గీజరు చుట్టకు తెల్లటి గార కడుతుంది, పప్పు ఎన్ని విజిల్స్‌కైనా ఉడకదు. నీళ్లలోని సున్నమే పప్పును మెత్తబడనివ్వదు. పప్పుకూ టీకీ క్యాను నీళ్లు వాడండి, తక్కిన వంటకు బోరు నీళ్లయినా సరే. బకెట్ గార నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లతో అరగంటలో వదులుతుంది. తాగడానికి, పప్పుకు కలిపి ముగ్గురికి రోజుకు 10 లీటర్లు వేసుకుంటే 20 లీటర్ల క్యాను రెండు రోజులు. శనివారానికి ఒక క్యాను ఎక్కువ పెట్టుకోండి. ఆ రోజు షాపువాడు ఫోను ఎత్తడు. కుళాయి నీళ్లతో బైకు కడగకండి. 2024 మార్చి నీళ్ల కరువులో తాగునీటితో వాహనాలు కడిగితే 5000 రూపాయల జరిమానా అని జలమండలి ఉత్తర్వు ఇచ్చింది, అప్పటి నుంచి ఇరుగుపొరుగు కూడా ఊరుకోరు. తడిగుడ్డతో తుడుచుకోండి.

తలారి పని చెత్త. తడి చెత్త మూత ఉన్న పచ్చ బుట్టలో, పొడి చెత్త సంచిలో, శానిటరీ ప్యాడ్లు, బ్యాండేజీలు, రేజర్లు ఎర్ర బుట్టలో. హైకోర్టు 2015లో చెప్పిన పద్ధతి ఇదే, బండివాళ్లు కలిపిన చెత్త తీసుకోరు. తడి బుట్టకు ప్లాస్టిక్ కవరు వేయకుండా న్యూస్‌పేపరు వేయండి. ఫుడ్ డెలివరీ డబ్బాలు ఒకసారి తొలిచి పొడి సంచిలో వేయండి, తొలవని గ్రేవీ డబ్బా రెండో రాత్రికి బొద్దింకల ఇల్లు. బండి పొద్దున్నే వస్తుంది, ఆగేది నిమిషమే. "కసద గాడి యావాగ బరుత్తె?" అని ఓనరమ్మను అడిగి టైము తెలుసుకుని తలారి అలారం పెట్టుకోవాలి. బండి తప్పింది కదా అని వీధి మూల పడేయకండి. 2025 సెప్టెంబరు నుంచి నగరం అయిదు కార్పొరేషన్లయింది, జరిమానాల మీద పట్టు పెరిగింది. పైగా కవరులో మీ పేరున్న పార్సిల్ అట్టముక్క దొరికితే ఓనరు దాకా వస్తుంది.

కరణం లెక్కలు రాస్తాడు. ఫోన్‌లో లెక్కల యాప్ ఏదైనా సరే, ఖర్చు పెట్టిన రోజే ఎక్కించడం ముఖ్యం. కరెంటు సంగతి కరణానికి బాగా తెలియాలి. కర్ణాటక ప్రభుత్వపు ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద ఆ ఇంటి పాత వాడకం సగటును బట్టి నెలకు 200 యూనిట్ల లోపు ఉచితం, అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. మీ హద్దు దాటి 200 లోపు కాలిస్తే ఎక్కువైన యూనిట్లకే బిల్లు, 200 దాటితే మొత్తానికీ బిల్లు. 2000 వాట్ల గీజరు మనిషికి రోజూ అరగంట చొప్పున వేస్తే ముగ్గురికి రోజుకు 3 యూనిట్లు, నెలకు 90. హద్దు దాటించేది ఇదే. ప్రభుత్వ వెబ్‌సైటు సేవాసింధులో నమోదుకు బిల్లు మీదున్న ఖాతా నంబరు, ఆధార్ కావాలి. పాత అద్దెదారు ఆధార్ ఇంకా ఆ మీటరుకే ఉంటే ముందు దాన్ని డీలింక్ చేయించాలి, లేకపోతే మీది ఎక్కదు. పోర్షనుకు సొంత మీటరు లేక సబ్‌మీటరు ఉంటే యూనిట్‌కు ఓనరు ఎంత తీసుకుంటాడో అగ్రిమెంటులో రాయించండి.

ఆగమం, ఆదేశం

బడిలో చదివిన సంధుల్లో ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదాన్ని తోసి కూర్చుంటుంది. గదికి వచ్చే చుట్టాలూ స్నేహితులూ ఈ రెండు రకాలే. ఇంటర్వ్యూకని శుక్రవారం రాత్రి బస్సెక్కి శనివారం తెల్లారి మడివాళలోనో, టిన్ ఫ్యాక్టరీ దగ్గరో దిగి, రెండు రాత్రులుండి వెళ్లేవాడు ఆగమం. "ఉద్యోగం దొరికేదాకా, బావా" అని వచ్చి మీ పరుపెక్కేవాడు ఆదేశం.

వచ్చేవాణ్ని కాదనడం మన వల్ల కాదు, కాదనక్కర్లేదు కూడా. హద్దు మాత్రం ముందే పెట్టుకోండి: ఒక్కసారి ఒక్క ఆగమమే, మూడు రాత్రులు, నలుగురి స్నానాలకు సరిపడా నీళ్ల కోసం మునసబుకు ముందే కబురు. అతనికి పరుపు హాల్లో, ఎవరి చోటూ కదలకూడదు. నాలుగో రాత్రి దాటితే క్యాను నీళ్లు, గ్యాసు ఖర్చులో నాలుగోవంతు కరణం అతని పేర రాస్తాడు, నెల దాటితే అద్దెలోనూ. ఇది అతనికీ మంచిదే. డబ్బు పెట్టినవాడు తలదించుకుని ఉండనక్కర్లేదు. అగ్రిమెంటులో ముగ్గురు అని రాసుంటే నాలుగోవాడి సంగతి ఓనరుకు మీరే చెప్పండి, పక్కింటివాళ్ల నోట తెలిస్తే మాట పోతుంది.

అడ్వాన్సు, ఖాళీ చేయడం

ఇక్కడ అడ్వాన్సు అయిదారు నెలల నుంచి పది నెలల అద్దె దాకా అడుగుతారు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం రెండు నెలలు మించొద్దంటుంది గానీ అది నమూనా మాత్రమే, బేరానికి ఒక మాటగా పనికొస్తుంది. బోర్డు మీద అద్దె అంకె లేకుండా "లీజు" అని ఉంటే అది వేరే వ్యవహారం: కొన్ని లక్షలు ఒకేసారి ఇచ్చి అద్దె లేకుండా ఉండటం. కొత్తగా వచ్చినవాళ్లు దాని జోలికి పోకండి, డబ్బు తిరిగి రాకపోతే లక్షలు ఇరుక్కుంటాయి. అగ్రిమెంటు 11 నెలలకే రాస్తారు. ఏడాది దాటిన లీజుకు 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషను తప్పనిసరి కాబట్టి. ముగ్గురి పేర్లూ అందులో ఉండాలి, ఎవరు ఎంత అడ్వాన్సు వేశారో కరణం పుస్తకంలో ఉండాలి. మధ్యలో ఒకరు వెళ్లిపోతే వాళ్ల వాటా కొత్తగా వచ్చేవాళ్లు ఇస్తారు, ఓనరు ఇవ్వడు.

ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు పేరుతో నెల అద్దె పట్టుకోవడం ఇక్కడి వాడుక. దాని మీద ఇంకేం పట్టుకుంటారో ముందే రాయించండి. దిగిన రోజే సామాను దించకముందు ప్రతి గోడ, స్విచ్చుబోర్డు, కుళాయి, సింకు అడుగు, బాత్రూం తలుపు కింది అంచు వీడియో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. ఖాళీ చేసే వారం బకెట్ గార, బూజు మచ్చలు, కొక్కేల గుర్తులు మీరే తుడిచేస్తే పట్టుకోవడానికి సాకు దొరకదు. ఆఖరి రోజు మీటరు రీడింగు ఫొటో తీసి, గృహజ్యోతి నుంచి మీ ఆధార్ డీలింక్ చేసి, ఆ స్క్రీన్‌షాట్ ఓనరుకు పంపండి. మిగతా అడ్వాన్సు ఖాతాలో పడిందని ముగ్గురిలో ఒకరి ఫోన్‌కు మెసేజి వచ్చాకే తాళాలు చేతికివ్వండి.